చవక 433 మెగాహెర్ట్జ్ రిమోట్లు: దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు

అడిగిన సంగతి ఇది: బజార్లో దొరికే ఏ-బీ-సీ-డీ నాలుగు బటన్ల రిమోట్లు తీసుకుని, ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డుకి ఒక రిసీవర్ మాడ్యూల్ తగిలించి, ఇంట్లో లైట్లు, ఫ్యాను, బోరు మోటారు, ముందు గేటు అన్నీ దానితోనే నడపాలి. సిగ్నల్ సరిగ్గా అందడం లేదు. పైగా పక్కవాళ్లెవరైనా మన గేటు తీయగలరా అని అనుమానం.

జవాబు ముందే చెప్పేస్తాను. లైట్లు, ఫ్యాను, కాలింగ్ బెల్ నిశ్చింతగా నడపండి. మోటారును కింద చెప్పే కట్టుబాట్లతో నడపండి. గేటుకూ, తలుపుకూ, అలారం ఆపడానికీ ఈ రిమోట్ వద్దు. ఇంట్లో ఏ పరికరమైనా ఒకే ప్రశ్నతో తూచండి: ఈ బటన్‌ను ముక్కూముఖం తెలియని మనిషి, మనం ఊళ్లో లేనప్పుడు, అర్ధరాత్రి నొక్కితే ఏమవుతుంది? హాల్లో లైటు వెలిగితే నష్టం లేదు. గేటు తెరుచుకుంటే ఉంది.

ఎందుకో తెలియాలంటే రిమోట్ లోపలికి చూడాలి. మరలు విప్పితే కనిపించేవి కొన్నే: బటన్లు, కోడ్ పుట్టించే చిన్న చిప్పు, గుండ్రటి రేకు డబ్బాలా ఉండే రెసొనేటర్, బ్యాటరీ. రెసొనేటర్ మీద ఆర్433 అని ఉంటే అది 433.92 మెగాహెర్ట్జ్ మీద పంపుతుంది, ఆర్315 అని ఉంటే 315 మీద. రెండూ ఒకే రంగు పెట్టెలో, ఒకే ధరకు అమ్ముతారు. 315 రిమోట్‌కు 433 రిసీవర్ కొని, రెండు రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతకడం చాలామందికి జరుగుతుంది. ముందు రేకు మీద అక్షరాలు చూడండి.

చిప్పు సాధారణంగా రెండు కుటుంబాల్లో ఒకటి. పాతది పీటీ 2262, దాని నకళ్లు. ఇందులో ఎనిమిది అడ్రస్ కాళ్లు ఉంటాయి. ఒక్కొక్కదాన్ని ప్లస్‌కో మైనస్‌కో టంకం వేసి కలపాలి, లేదా ఖాళీగా వదలాలి. మూడు స్థితులు, ఎనిమిది కాళ్లు అంటే మొత్తం 6,561 కోడ్‌లు. కొత్తది ఈవీ 1527 రకం. ఇందులో ఫ్యాక్టరీలోనే 20 బిట్ల గుర్తింపు సంఖ్య రాసేస్తారు. అంటే 10,48,576 కోడ్‌లు. దానికి నాలుగు బిట్ల బటన్ సంఖ్య కలిస్తే 24 బిట్లు.

గాలిలో వెళ్లేది ఈ 24 బిట్లే. 0 అంటే ఒక వంతు ఆన్, మూడు వంతులు ఆఫ్. 1 అంటే మూడు వంతులు ఆన్, ఒక వంతు ఆఫ్. ఒక్కో ఫ్రేమ్‌కు, అంటే ఒకసారి పంపే మొత్తం సందేశానికి, గుర్తుగా ఒక వంతు ఆన్, 31 వంతులు నిశ్శబ్దం. ఒక వంతు సుమారు 350 మైక్రోసెకన్లు అనుకుంటే, 128 వంతుల ఫ్రేమ్ 45 మిల్లీసెకన్లలో అయిపోతుంది. వేలు తీసేదాకా అదే ఫ్రేమ్ మళ్లీ మళ్లీ వెళ్తుంది. ఇవాళ నొక్కినా, వచ్చే ఏడాది నొక్కినా అదే. ఇది పేరు పెట్టి పిలవడం లాంటిది. రిసీవర్ గొంతు ఎవరిదని చూడదు, పేరు సరిపోతే పలికేస్తుంది.

దాంతో దొంగకు మూడు దారులు దొరుకుతాయి.

మొదటిది వినడం. ఒక్క ఫ్రేమ్ చాలు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ డాంగిల్‌తో ఆర్‌టీఎల్_433 అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే, చుట్టుపక్కల నొక్కే ఇలాంటి 433 రిమోట్ల సంఖ్యలు చాలావరకు తెర మీద వరుసగా పడతాయి. విన్నదాన్ని తిరిగి పంపడానికి ఆర్డినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు ఒకటి, ఎఫ్‌ఎస్1000ఏ అనే చిన్న ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్ చాలు. అదీ అక్కర్లేదు. రెండు రిమోట్లను ముఖాముఖి పెట్టి నొక్కితే నకలు తీసే కాపీ రిమోట్లు బజార్లోనే అమ్ముతారు. డ్రైవర్ చేతికో, వాచ్‌మన్ చేతికో, కారు కడిగేవాళ్ల చేతికో రిమోట్ ఒక నిమిషం వెళ్లిందంటే నకలు తీయడానికి ఆ వ్యవధి సరిపోతుంది.

రెండోది వరుసగా ప్రయత్నించడం. 6,561 కోడ్‌లను ఒక్కోసారి పంపితే ఐదు నిమిషాలు, రిసీవర్ రెండుసార్లు వినాలనుకుంటే పది నిమిషాలు. ఈవీ 1527కు ఇదే లెక్క వేస్తే ఒక్కో బటన్‌కు 13 నుంచి 26 గంటలు పడుతుంది. కాబట్టి ఈ దారిలో అది కొంత మేలు. కానీ ఒక్కసారి వింటే చాలు అన్నప్పుడు ఈ మేలు పెద్దగా ఆదుకోదు. డిప్ స్విచ్‌ల (కోడ్ పెట్టుకునే చిన్న ఆన్-ఆఫ్ మీటల) పాత గేట్ రిమోట్లైతే ఇంకా బలహీనం. 10 స్విచ్‌లంటే 1,024 కోడ్‌లు, 12 అంటే 4,096. అమెరికాలో మారని కోడ్‌తో నడిచే గ్యారేజీ తలుపుల రిసీవర్లు చాలావరకు కోడ్‌కూ కోడ్‌కూ మధ్య విరామం అడగవని సామీ కమ్‌కార్ అనే భద్రతా పరిశోధకుడు 2015లో చూపించాడు. కోడ్‌లన్నింటినీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా ఒకే పొడవాటి బిట్ల వరుసగా పేర్చి, పిల్లల మెసేజ్ బొమ్మ ఒకదానితో పది సెకన్లలోపే అలాంటి తలుపులు తీయించాడు. పీటీ 2262 ఫ్రేముల మధ్య నిశ్శబ్దం తప్పనిసరి కాబట్టి ఆ అడ్డదారి ఇక్కడ పనిచేయదు. ఐదు పది నిమిషాల దారి మాత్రం తెరిచే ఉంది.

మూడోది అసలు దాడి కాదు, అజాగ్రత్త. పీటీ 2262 రిమోట్లు ఫ్యాక్టరీ నుంచి ఎనిమిది కాళ్లూ ఖాళీగానే వస్తాయి. బిగించేవాళ్లు చాలామంది వాటిని అలాగే వదిలేస్తారు. ఒకే వీధిలో ఇద్దరు ఒకే దుకాణం సరుకు కొంటే, ఒకరి బటన్‌కు ఇంకొకరి మోటారు మొదలవుతుంది. ఇలాంటి రిమోట్ మీ దగ్గరుంటే ఈ సాయంత్రమే విప్పి, రిమోట్‌లోనూ రిసీవర్‌లోనూ కనీసం మూడు నాలుగు కాళ్లను ఒకేలా, ఒక క్రమం లేకుండా టంకం వేయండి. విన్నవాడిని ఇది ఆపదు. పక్కింటివాళ్ల బటన్‌కు మన మోటారు తిరగడాన్ని మాత్రం ఆపుతుంది.

పెట్టె మీద రోలింగ్ కోడ్ (ప్రతి నొక్కుడుకూ మారే కోడ్) అని రాసుంటే నమ్మేయకండి. ఆర్డినోలో ఆర్‌సీ-స్విచ్ లైబ్రరీ ఉదాహరణ ప్రోగ్రాం వేసి, అదే బటన్‌ను ఐదుసార్లు విడివిడిగా నొక్కండి. ఐదుసార్లూ అదే 24 బిట్ల సంఖ్య వస్తే అది స్థిరకోడ్, అంటే ఎప్పటికీ మారనిది. ఏమీ రాకపోతే మాత్రం రోలింగ్ అని తేల్చేయకూడదు. వేరే ఫ్రీక్వెన్సీ కావచ్చు, ఆ లైబ్రరీ చదవలేని పద్ధతి కావచ్చు. అప్పుడు డాంగిల్‌తో చూడాలి.

ఇక సిగ్నల్ అందకపోవడం. పది మీటర్లకే ఆగిపోతోందంటే దాదాపు ప్రతిసారీ కారణం రిసీవర్, దాని యాంటెనా. రిమోట్ తప్పు అరుదు. జతగా 100, 150 రూపాయలకు వచ్చే సెట్‌లో ఉండే ఎక్స్‌వై-ఎంకే-5వీ రిసీవర్ సూపర్ రీజనరేటివ్ రకం. సిగ్నల్ లేనప్పుడు అది తన సున్నితత్వాన్ని తానే పెంచుకుంటూ పోయి, చుట్టూ ఉన్న గోలనంతా సున్నాలు ఒకట్లుగా బయటికి తోస్తుంది. దాన్ని తీసేసి ఆర్‌ఎక్స్‌బీ6 లాంటి సూపర్‌హెటరోడైన్ రిసీవర్ పెట్టండి. ఖర్చు మరికొంత ఎక్కువైనా ఈ మార్పు ఒక్కటే సగం బాధ తీరుస్తుంది.

యాంటెనా 17.3 సెంటీమీటర్ల ఒంటి తీగ. అది తరంగదైర్ఘ్యంలో పావు వంతు. తిన్నగా నిలబెట్టండి. చుట్ట చుట్టి డబ్బాలో కుక్కితే ఉన్న లాభం పోతుంది. ఇనుప స్విచ్ బాక్సులో రిసీవర్ పెట్టకండి. స్లాబులో ఉన్న ఇనుప చువ్వల వల్ల ఒక అంతస్తు దాటడమే కష్టం కాబట్టి, రెండంతస్తుల ఇంటికి రిసీవర్‌ను మెట్ల దగ్గర, గోడకు ఎత్తులో పెట్టడం మేలు. ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, మొబైల్ ఛార్జర్లు, ఈఎస్‌పీ32 వైఫై యాంటెనా, వీటికి కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉంచండి. రిసీవర్ కరెంటు కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండూ పెట్టండి. రిసీవర్‌ను 5 వోల్టులతో నడిపితే దాని డేటా కాలును ఈఎస్‌పీ32కి నేరుగా కలపకూడదు. ఆ చిప్పు కాళ్లు 3.3 వోల్టులవి. డేటా నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, ఆ కలయిక నుంచి గ్రౌండ్‌కు 20 కిలోఓమ్‌లు పెడితే 3.3 వోల్టులే చేరతాయి.

ప్రోగ్రాంలో మూడు వడపోతలు తప్పనిసరి. బిట్ల పొడవు సరిగ్గా 24 కావాలి. పల్స్ వెడల్పు మీ రిమోట్ కొలతకు వంద మైక్రోసెకన్ల అటూ ఇటూలో ఉండాలి. అదే సంఖ్య వరుసగా కనీసం రెండుసార్లు వినబడాలి. వీటితో ఎవరూ నొక్కకుండానే వచ్చే దెయ్యపు నొక్కుళ్లు దాదాపు పోతాయి. ఇంకొకటి: బటన్ అర సెకను నొక్కితే పదికి పైగా ఫ్రేములు వస్తాయి. ప్రతి ఫ్రేమ్‌కూ లైటు మార్చేస్తే అది వెలిగి ఆరి వెలిగి, చివరికి ఏ స్థితిలో ఆగుతుందో చెప్పలేం. అదే కోడ్ చివరిసారి వినబడిన క్షణం నుంచి 500 మిల్లీసెకన్లు మౌనం గడిచాకే కొత్త నొక్కుడుగా లెక్కపెట్టండి.

ఒకే బటన్‌తో ఆన్, ఆఫ్ రెండూ చేయించడం లైటు దగ్గర సరే, మిగతా చోట్ల తప్పు. ఈ రిమోట్ ఒకవైపు మాత్రమే మాట్లాడుతుంది. పని జరిగిందో లేదో తిరిగి చెప్పదు. ఆరిందనుకుని మళ్లీ నొక్కితే మోటారు మొదలవుతుంది. ఆన్‌కు ఒక బటన్, ఆఫ్‌కు ఇంకో బటన్ ఇవ్వండి. ఆఫ్ ఎన్నిసార్లు నొక్కినా ఆఫే.

మోటారు విషయం కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ రేడియో కంటే ముందు కరెంటే ప్రాణం తీస్తుంది. రిలే అంటే బోర్డు నడిపే కరెంటు స్విచ్. నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు అని ఉంటుంది. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడే 6 నుంచి 8 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు. కొన్నాళ్లకు రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఆ తర్వాత ఏ బటన్ నొక్కినా మోటారు ఆగదు. కాబట్టి రిలే మోటారును ముట్టకూడదు. స్టార్టర్‌లో కాంటాక్టర్, అంటే మోటారు కరెంటును మోసే పెద్ద స్విచ్, ఉంటుంది. దాన్ని లాగే కాయిల్‌ను కలిపి విడదీసేవి పచ్చ (ఆన్), ఎర్ర (ఆఫ్) బటన్లు. ఒక రిలే కాంటాక్టును పచ్చ బటన్‌కు సమాంతరంగా కలపండి. అర సెకను కలిసి విడిపోతే చాలు, కాంటాక్టర్ తనను తాను పట్టుకుంటుంది. రెండో రిలేలో మామూలుగా కలిసి ఉండే కాంటాక్టును ఎర్ర బటన్‌కు సిరీస్‌లో కలపండి. ఇలా చేస్తే కరెంటు పోయి వచ్చినా మోటారు తనంతట తాను మొదలవదు. రేడియో బోర్డు చచ్చిపోయినా పాత బటన్లు పనిచేస్తాయి.

ట్యాంకు నిండితే ఆపే ఫ్లోట్ స్విచ్, బోరులో నీళ్లు తగ్గితే ఆపే డ్రై రన్ రక్షణ, ఈ రెండూ కాయిల్ సర్క్యూట్‌లోనే సిరీస్‌లో ఉండాలి, ప్రోగ్రాంలో మాత్రమే కాదు. అప్పుడు ఎవరో కోడ్ విని అర్ధరాత్రి ఆన్ చేసినా, ట్యాంకు నిండగానే ఆగుతుంది, ఎండిన బోరులో తిరగదు. ఆ పైన ప్రోగ్రాంలో సమయం పెట్టండి: ఉదయం 5 నుంచి రాత్రి 9 వరకే ఆన్ చెల్లుతుంది, ఆఫ్ ఎప్పుడైనా చెల్లుతుంది. మీ ట్యాంకు నిండే సమయానికి ఐదు నిమిషాలు కలిపి, అది దాటితే దానంతట అదే ఆగాలి. ఆన్ అయిన ప్రతిసారీ ఫోన్‌కు సందేశం రావాలి. ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ ప్రోగ్రాం వాడుతుంటే ఈ షరతులన్నీ ఒక్క ఆటోమేషన్‌లో పడతాయి. ఈఎస్‌పీ32లో ఓపెన్ఎంక్యూటీటీగేట్‌వే ప్రోగ్రాం వేసి కోడ్‌లను ఎంక్యూటీటీ (పరికరాలు సందేశాలు పంపుకునే పద్ధతి) ద్వారా పంపవచ్చు. కానీ ఆ సందేశాలను పంచే ఎంక్యూటీటీ బ్రోకర్‌కు పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేస్తే, మీ వైఫైలో ఉన్న ఏ చవక కెమెరా అయినా రిమోట్ లేకుండానే మోటారు నడపగలదు.

నేరుగా 230 వోల్టులకు కలిపే రెడీమేడ్ రిసీవర్ డబ్బాల గురించి ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కెపాసిటర్‌తోనే వోల్టేజీ తగ్గిస్తారు. అంటే లోపలి భాగమంతా, బయటికి వేలాడే యాంటెనా తీగతో సహా, మెయిన్స్‌తో కలిసే ఉంటుంది. ఆ తీగ కొస తొక్క ఒలవకండి, రేంజి కోసం కిటికీలోంచి బయటికి లాగకండి, కరెంటుకు కలిసి ఉన్నప్పుడు కంప్యూటర్ తీగ అసలు కలపకండి.

రిమోట్‌తో పాటు అమ్మే చవక అలారం సెట్లలోనూ ఇదే భాష. తలుపు సెన్సర్, కదలికను పట్టే సెన్సర్ చాలావరకు ఈవీ 1527 రకం ఫ్రేమే పంపుతాయి. చాలావాటిలో తలుపు తెరిచినప్పుడు మాత్రమే కోడ్ వెళ్తుంది, నేను బతికే ఉన్నానని మధ్యలో చెప్పుకోదు. అదే ఫ్రీక్వెన్సీ మీద ఎవరైనా ఆపకుండా పంపుతూ ఉంటే సెన్సర్ అరుపు కలిసిపోతుంది, డబ్బాకు తెలియనే తెలియదు. అన్నిటికంటే ప్రమాదం రిమోట్ మీద ఉండే అలారం ఆపే బటన్. దాని కోడ్ ఒకసారి వింటే అలారం పెట్టినా పెట్టనట్టే. పేరున్న సంస్థలదీ ఇదే కథ కావచ్చు: సింప్లీసేఫ్ అనే అమెరికన్ అలారం సంస్థ కీప్యాడ్ పంపే పిన్ సిగ్నల్‌ను రికార్డు చేసి తిరిగి పంపితే అలారం ఆగిపోతుందని ఐఓయాక్టివ్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు 2016 ఫిబ్రవరిలో బయటపెట్టారు. చవక రిమోట్‌ను అలారం మోగించడానికి వాడండి, పెద్దవాళ్ల మంచం పక్కన సాయం బటన్‌గా పెట్టండి. ఆపడం మాత్రం లోపల గోడమీద కీప్యాడ్‌తోనో, ఫోన్‌తోనో జరగాలి.

మరి గేటుకు ఏం వాడాలి? కొనేదైతే హెచ్‌సీఎస్ 301 లాంటి చిప్పుతో, కీలాక్ పద్ధతిలో నడిచే రోలింగ్ కోడ్ సెట్ కనీస స్థాయి. ఇది ఒక్కోసారి 66 బిట్లు పంపుతుంది. అందులో 32 బిట్లు ప్రతి నొక్కుడుకూ మారతాయి. ఇది ఎన్నో నొక్కుడో ఆ లెక్కింపును రిసీవర్ గుర్తుపెట్టుకుంటుంది. 16 లోపు ముందుకు జరిగితే వెంటనే ఒప్పుకుంటుంది, ఇంకా ముందుకు పోతే వరుసగా రెండుసార్లు నొక్కమంటుంది, వెనకటిది అసలు ఒప్పుకోదు. పిల్లలు గేటుకు సిగ్నల్ అందనంత దూరంలో ఆటగా ఇరవైసార్లు నొక్కాక గేటు మొదటి నొక్కుడుకు తెరవకపోవడానికి కారణం ఇదే. పాడైందనుకుని మెకానిక్‌ను పిలవకుండా ఇంకోసారి నొక్కండి. కీలాక్ కూడా అభేద్యం కాదు. బోకుమ్‌లోని రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిప్పు వాడే కరెంటును కొలిచి తయారీదారు తాళంచెవినే రాబట్టగలమని 2008లో చూపించారు. కమ్‌కార్ 2015లోనే చూపించిన రోల్‌జామ్ అనే పరికరం రిసీవర్‌ను మూగబెట్టి, మీ నొక్కుడును దాచుకుని తర్వాత వాడుతుంది. అయినా ఇవి తెలిసినవాడు పనిగట్టుకుని చేసే దాడులు. స్థిరకోడ్‌ను కాపీ రిమోట్ కొన్న పిల్లవాడు తీయగలడు. నా దృష్టిలో ఇంటి గేటుకు ఈ తేడా చాలా పెద్దది.

సొంతంగా చేయాలనుకుంటే సీసీ1101 రేడియో మాడ్యూళ్లు తీసుకోండి, ఇవి 3.3 వోల్టులకే, 5 ఇస్తే పోతాయి. ప్యాకెట్ ఇలా కట్టండి: 4 బైట్ల రిమోట్ సంఖ్య, 4 బైట్ల లెక్కింపు, 1 బైట్ ఆజ్ఞ, ఈ తొమ్మిదింటి మీద హెచ్‌మ్యాక్-షా256 (రహస్య కీతో తయారయ్యే ముద్ర) లెక్కించి అందులో మొదటి 8 బైట్లు. మొత్తం 17 బైట్లు. ప్రతి రిమోట్‌కూ వేరే 16 బైట్ల యాదృచ్ఛిక కీ ఉండాలి. రిసీవర్ ముందు హెచ్‌మ్యాక్ సరిచూసి, లెక్కింపు తన దగ్గరున్నదానికంటే ఎక్కువైతేనే పని చేయాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది: రిసీవర్ లెక్కింపును ర్యామ్‌లోనే ఉంచడం. కరెంటు పోయి రాగానే అది సున్నా అవుతుంది, అప్పుడు పాత రికార్డింగులన్నీ కొత్తవిగా చెల్లుతాయి. కరెంటు తీయడం దొంగకు కష్టం కాదు, మెయిన్ స్విచ్ చాలా ఇళ్లలో బయటే ఉంటుంది. ప్రతి నొక్కుడుకూ ఫ్లాష్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో, రాయండి. రిమోట్ వైపు ఏటీమెగా328 చిప్పు ఈఈప్రామ్ (అలాంటి జ్ఞాపకమే) లక్ష రాతలకు తట్టుకుంటుంది. రోజుకు 20 నొక్కుళ్లైనా 13 ఏళ్లు వస్తుంది, కాబట్టి పొదుపు కోసం అక్కడ తెలివితేటలు వద్దు. రోల్‌జామ్ లాంటిదాన్ని కూడా ఆపాలంటే రెండువైపులా మాట్లాడించాలి: రిసీవర్ అప్పటికప్పుడు ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపాలి, రిమోట్ దాన్ని కలిపి జవాబు చెప్పాలి, అర సెకను దాటిన జవాబు చెల్లకూడదు.

ఇంత పని వద్దనుకుంటే ఇంటి లోపలికి జిగ్‌బీ అనే రేడియో పద్ధతిలో నడిచే బటన్లు తీసుకోండి. ఏఈఎస్-128 గుప్తీకరణ, ఫ్రేమ్ లెక్కింపు అందులోనే ఉంటాయి. కొత్త పరికరాన్ని చేర్చుకునే అనుమతిని జత చేసే ఆ ఒకటి రెండు నిమిషాలే తెరిచి, వెంటనే మూసేయండి.

ఇంట్లో ఇప్పటికే రెడీమేడ్ రిసీవర్ ఉంటే దాని మీద ఉండే లెర్న్ బటన్ సంగతి చూడండి. అది నొక్కి ఏ రిమోట్‌నైనా చేర్చేసుకోవచ్చు. ఆ డబ్బా గేటు స్తంభం మీద, బయటివైపు, రెండు మరలతో ఉంటే కోడ్ ఎంత బలమైనదైనా ఉపయోగం లేదు. లోపలి గోడకు మార్చండి. రిమోట్ పోయినప్పుడు కొత్తది చేర్చడం ఒక్కటే చాలదు, పాతది జ్ఞాపకంలోనే ఉంటుంది. చాలా డబ్బాల్లో లెర్న్ బటన్ ఎనిమిదిసార్లు నొక్కితే అన్నీ చెరిగిపోతాయి. మీ డబ్బా కాగితంలో ఎన్నిసార్లు అని రాసుందో చూసి, అన్నీ చెరిపి, చేతిలో ఉన్న రిమోట్లను మళ్లీ చేర్చండి. పీటీ 2262 అయితే చెరపడం అనేది ఉండదు. టంకం మార్చాలి, ఇంట్లో ఉన్న ప్రతి రిమోట్‌లోనూ.